భూగర్భ సంపద ఎవరి సొమ్ము?

ఇసుక కింద వాళ్ళకు నూనె దొరికింది, మనకు బోరు వేస్తే దుమ్ము లేచింది. ఈ అర్థం వచ్చే మాట వినబడని ముస్లిం ఇల్లు రాయలసీమలో అరుదు. కడప, రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాల నుండి వేలాదిమంది బతుకుతెరువు కోసం కువైట్ వెళ్ళారు. కర్నూలు వైపు నుండి కూడా సౌదీకి, ఖతర్‌కు, దుబాయికి వెళ్ళినవారున్నారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, మేస్త్రీలు, ఎడారిలో గొర్రెలు కాసేవారు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు వారిలో ఉన్నారు. వారు పంపే దీనార్లతో, రియాళ్ళతో ఇక్కడ ఎన్నో పొయ్యిలు వెలుగుతున్నాయి. కనుక చమురు దేశాల సంగతి మనకు పేపర్లో చదివి మడిచిపెట్టే వార్త కాదు, ఇంటి సంగతి.

పై మాటలో ఒక ప్రశ్న దాగి ఉంది. అల్లాహ్ ఒక జాతికి అంత కలిమిని, మరో ప్రాంతానికి ఇంత కరువును ఎందుకిచ్చినట్టు? దొరికినవారు ఆయనకు ఇష్టులా? దొరకనివారు ఆయన మెప్పుకు నోచుకోనివారా?

కలిమి, లేమి

ఈ ప్రశ్నకు దివ్యఖుర్ఆన్ ఫజ్ర్ సూరాలో (89:15-17) సూటిగా సమాధానమిచ్చింది. ప్రభువు సిరిసంపదలిచ్చి పరీక్షిస్తే మనిషి తనకు గౌరవం దక్కిందనుకుంటాడు. ఉపాధిని కుదించి పరీక్షిస్తే తనను అవమానించాడనుకుంటాడు. ఈ రెండు ఆలోచనలూ తప్పేనని ఆ ఆయతులు తేల్చిచెబుతాయి. వెంటనే అనాథలను ఆదరించకపోవడాన్ని ప్రస్తావిస్తాయి. అంటే మనిషి గౌరవం అతనికి దొరికినదానిలో లేదు, దొరికినదానితో అతను చేసినదానిలో ఉంది.

లోకం తీరు చూసినా ఇదే తెలుస్తుంది. నార్వే సముద్రం కింద చమురుంది. రష్యాలో ఉంది, వెనిజులాలో ఉంది. విశ్వాసానికి బహుమానంగా దొరికేదైతే అది అక్కడ ఉండవలసిన పని లేదు.

కువైట్ పాత చరిత్ర మనవాళ్ళకు అంతగా తెలియదు. ఒకప్పుడు అది ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ ఊరు. జపాన్‌లో ముత్యాల పెంపకం మొదలయ్యాక, 1930ల ఆర్థిక మాంద్యంలో ఆ వృత్తి కూలిపోయింది. తాగే నీళ్ళు సైతం షత్తుల్ అరబ్ నది నుండి పడవల్లో తెచ్చుకునేవారు. బిందె నీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర నిలబడిన మన సీమ తల్లులకు ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ 1961 వరకు చెలామణి అయినది మన రూపాయే. 1938లో బుర్గాన్‌లో చమురు బయటపడింది. 1946లో మొదటి ఓడ ఎగుమతికి బయలుదేరింది. ఒక్క తరంలో కూలివాడి కొడుకు యజమాని అయ్యాడు. ఇచ్చినవాడికి తీసుకోవడం కూడా కష్టమేమీ కాదు.

ఏడు పచ్చని ఏళ్ళు, ఏడు ఎండిన ఏళ్ళు

నూనె మీద బతికే దేశం ధర చేతిలో బతుకుతుంది. చాలాకాలం ఆ ధరను విదేశీ కంపెనీలే నిర్ణయించేవి. అందుకే 1960 సెప్టెంబరులో ఇరాన్, ఇరాఖ్, కువైట్, సౌదీ అరేబియా, వెనిజులా బాగ్దాద్‌లో సమావేశమై ఒపెక్‌ను స్థాపించాయి. 1973 అక్టోబరు యుద్ధం సందర్భంగా అరబ్బు దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు పెట్టాయి. సుమారు 3 డాలర్లున్న పీపా ధర 1974 జనవరి నాటికి 12 డాలర్లకు చేరువైంది. ఆ డబ్బుతో రోడ్లు, ఆసుపత్రులు, భవనాలు కట్టడానికి అక్కడ చేతులు చాలలేదు. మన చేతులు వెళ్ళాయి.

1986లో అదే ధర 10 డాలర్ల దరిదాపులకు పడిపోయింది. కువైట్ ఎక్కువ చమురు తోడి ధర పడగొడుతోందన్నది ఇరాఖ్ ఆరోపణల్లో ఒకటి. 1990 ఆగస్టు 2న ఇరాఖ్ సేనలు కువైట్‌లోకి ప్రవేశించాయి. సుమారు 1,70,000 మంది భారతీయులను మన ప్రభుత్వం స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. చేతిలో సంచితో తిరిగొచ్చినవారిలో మన జిల్లాలవారూ ఉన్నారు. 2014లో 100 డాలర్లు దాటి ఉన్న ధర 2016 జనవరిలో 30 డాలర్ల కంటే దిగువకు వచ్చింది. 2020లో కరోనా మరో దెబ్బ కొట్టింది. ధర పడితే అక్కడ ఖర్చు తగ్గిస్తారు, ముందుగా ఆగేది పరాయి కూలీ జీతం.

యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ ఇక్కడ గుర్తుకు రావాలి. పండిన ఏడేళ్ళలో దాచి, ఎండిన ఏడేళ్ళలో పంచే పథకాన్ని ఆయన రాజుకు సూచించారు. తాను నమ్మదగినవాడినని, విషయం తెలిసినవాడినని చెప్పి ధనాగారపు బాధ్యతను అడిగి తీసుకున్నారు (12:47-55). నిజాయితీ, తెలివిడి రెండూ ఉండాలి. కువైట్ 1976లో రాబోయే తరాల కోసం ఒక నిధిని ఏర్పాటుచేసి ఏటా రాబడిలో 10 శాతం అందులో వేయసాగింది. 1990 యుద్ధం తర్వాత దేశాన్ని తిరిగి నిలబెట్టడానికి దాచిన సొమ్మే ఆదుకుంది. మంచి ఎక్కడున్నా మెచ్చుకోవాలి.

అందరి సొమ్ము

ఇంతకూ భూమి లోపలి సొమ్ము ఎవరిది? అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఒక ఉల్లేఖనం ఉంది. అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) యమన్‌లోని మఆరిబ్ ఉప్పు గనిని తనకిమ్మని కోరగా దైవప్రవక్త (స) ఇచ్చారు. అది ఎన్నటికీ ఎండని ఊటలాంటిదని ఒకరు తెలియజేయగానే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రజలందరికీ అవసరమైన తరగని గని ఒక్కరి జేబులో ఉండరాదని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు. ఇరాఖ్ పంటభూములు చేతికొచ్చినప్పుడు వాటిని పంచమని సైనికులు అడిగితే హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. తర్వాత పుట్టబోయేవారికి ఏం మిగులుతుందని అడిగారు. సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండిపోరాదన్న హష్ర్ సూరా (59:7) ఆదేశం ఆ నిర్ణయానికి ఆధారం.

పన్ను కట్టే ప్రజలు పాలకుణ్ణి లెక్క అడుగుతారు. చమురు రాబడి ఉన్న చోట పాలకుడే పంచిపెడతాడు కాబట్టి అడిగే నోరు మెత్తబడుతుంది. కువైట్‌లో 1963 నుండి ఎన్నికైన సభ ఉన్నా అది పలుమార్లు రద్దయింది. 2024 మే నెలలో మళ్ళీ నిలిపివేశారు. అయితే పాలకుడు ఇక్కడ లెక్క చెప్పకపోవచ్చు గాని, అక్కడ చెప్పక తప్పదు.

ఈ ప్రశ్న ఎడారిలో ఆగదు. రైల్వేకోడూరు దగ్గర మంగంపేటలో ప్రపంచంలోనే పేరుపొందిన ముగ్గురాయి గనులున్నాయి. ఆ రాతి పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు కోసం కలుపుతారు. అరబ్బు నేల నుండి నూనె తీయడానికి మన నేల రాయి వెళుతోంది, మన మనిషీ వెళుతున్నాడు. అలాంటి గని పక్కనున్న పల్లెలవాళ్ళే కువైట్ వీసా కోసం అప్పు చేస్తున్నారంటే, అమానత్ గురించి షేకులను అడిగే ప్రశ్నను మన గడ్డ మీద కూడా అడగాలి.

చెమట ఆరకముందే

కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది దైవప్రవక్త (స) బోధ. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీ హదీసు హెచ్చరిస్తోంది. చేతికింది పనివారు మీ సోదరులు, తినేదే పెట్టాలి, కట్టేదే ఇవ్వాలి, మోయలేని భారం వేయరాదు అన్నది మరో హదీసు సారం.

కఫీల్ పద్ధతిలో కార్మికుడి నివాస అనుమతి యజమాని చేతిలో ఉంటుంది. మంచి యజమాని దొరికితే బతుకు గడుస్తుంది. పాస్‌పోర్టు గుంజుకుని, జీతం ఆపి, ఇంట్లో బంధించేవాడు దొరికితే ఆ చెల్లెలికి దిక్కెవరు? కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం చట్టం చేసింది. వారానికో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడాన్ని నిషేధించింది. కాగితం మీద ఉన్నది వంటింటి దాకా రావాలంటే మనసులో దైవభీతి ఉండాలి.

ఖుర్ఆన్ అవతరించిన భాష మాట్లాడేవారని కొందరు నోరు విప్పరు. ఇది సరికాదు. మీకు, మీ తల్లిదండ్రులకు వ్యతిరేకంగానైనా న్యాయానికి సాక్షులుగా నిలవమని నిసా సూరా (4:135) ఆజ్ఞాపిస్తోంది. దౌర్జన్యం అరబీలో చేసినా దౌర్జన్యమే.

మన లెక్క

ఇక మన వైపు చూద్దాం. ఇల్లు విడిచి ఏళ్ళ తరబడి ఎండలో మాడినవాడి సొమ్ము మన ఊళ్ళో ఏమవుతోంది? పక్కింటివాళ్ళు మూడు రకాల బిర్యానీ పెడితే మనం నాలుగు పెట్టడానికా? జోడా డబ్బుకా? జకాత్ లెక్క తీయకుండానే రెండో అంతస్తు లేపడానికా? చమురు రాజులు గోపురాలు కట్టారని ఎత్తిపొడిచే మనం, మన మేస్త్రీకి, మన ఇంట్లో అంట్లు తోమే మనిషికి కూలి ఏ రోజు ఇస్తున్నాం? ఆమె పండగ నాడు మన ఇంట్లో తింటున్నది మనం తినేదేనా? కువైట్‌లో మన చెల్లెలికి న్యాయం కావాలని దుఆ చేసే నోరు, ఇక్కడ మరొకరి చెల్లెలి జీతం కోసెయ్యమని చెప్పరాదు.

అప్పు చేసి అనధికార ఏజెంటు చేతిలో డబ్బు పెట్టవద్దు. విజిట్ వీసా మీద ఆడపిల్లను పంపవద్దు. పంపిన సొమ్ములో కొంత కరువు రోజులకు దాచండి, కొంత పిల్లల చదువుకు పెట్టండి, పేదల హక్కు పేదలకు చేర్చండి. ఒక్క ఇంటి పెట్టెలోనైనా యూసుఫ్ (అలైహిస్సలాం) పథకం అమలైతే ఆ ఇంటి పిల్లవాడికి ఎడారి దారి తప్పనిసరి కాదు.

నూనె అడుగంటుతుంది, ధర పడుతుంది, వీసా గడువు తీరుతుంది. తకాసుర్ సూరా చివరలో చెప్పినట్టు, ఆ రోజు మనకిచ్చిన ప్రతి వరం గురించీ ప్రశ్న తప్పదు. నూనె బావి ఉన్నవాడికి బావి లెక్క, నూరు దీనార్లు పంపినవాడికి, అందుకున్నవాడికి నూరు దీనార్ల లెక్క. మనకిచ్చిన కొద్దిపాటి దానిలో అమానత్ నిలబెట్టుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! పరాయి గడ్డ మీద చెమటోడ్చే మన బిడ్డలను క్షేమంగా ఇంటికి చేర్చుగాక! ఆమీన్.