పరుగెత్తువాడు చదువవలెను

ధ్యాన భాగములు: హబక్కూకు 2:1-3, నిర్గమకాండము 35:25, 26, 2 కొరింథీయులకు 3:2, 3



హబక్కూకు తన జనుల దురవస్థను చూచి దేవునితో వాదించిన ప్రవక్త. తన ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకువరకు గోపురముమీద కనిపెట్టుకొని నిలిచెను. అట్టివానికి ప్రభువు ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఏమి? ఖడ్గము పట్టుమని కాదు, వ్రాయుమని. అదియు మూలనున్న గ్రంథపు చుట్టలో కాదు. పలకలమీద, పరుగులోనున్నవాడు సహితము చదువగలుగునంత స్పష్టముగా వ్రాయవలెను. కొందరు పండితులు ఈ మాటను మరియొక విధముగ గ్రహించిరి: చదివినవాడు ఊరకుండక ఆ వర్తమానమును మోసికొని పరుగెత్తవలెనట. రెండు అర్థములును మనకు కావలసినవే.

ఈ వాక్యభావమును ఖరగ్‌పూరువారికి ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. ఆ ఊరు రైలుతో పుట్టినది, రైలుతో పెరిగినది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ అక్కడ జంక్షనును, గొప్ప కర్మాగారమును స్థాపించిన దినములలోను, తరువాతను శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి మన తెలుగువారు వేలకొలది కూలికి, కొలువుకు అక్కడికి చేరిరి. 1072 మీటర్ల పొడవుగల దాని ప్లాట్‌ఫారము లోకమందంతటికిని పొడవైనదని మన పిల్లలు బడిలో వల్లించిరి; 2013లో గోరఖ్‌పూరు దానిని మించెను, 2023లో హుబ్బళ్లి ఆ రెంటిని మించెను. ఆ ప్లాట్‌ఫారపు కొనను పసుపుపచ్చని పలకమీద నల్లని అక్షరములతో ఊరి పేరు వ్రాయబడియుండును. ఆగని బండిలో కిటికీయొద్ద కూర్చున్నవాడును దానిని చదువవలెను. ఆ పలకకు అలంకారము లేదు, లతలు లేవు. దాని శోభ అంతయు స్పష్టతయే.

డిసెంబరు మాసము వచ్చుచున్నది. వంశధార, నాగావళి తీరములలో మన తల్లులకు ఊలుతో పని అంతగా లేకుండెను. బెంగాలు చలి వారి చేతికి ఊలు సూదులను ఇచ్చెను. మథురాకాటీలోను, నింపురాలోను, ఓల్డ్ సెటిల్‌మెంటులోను నివసించు కుటుంబములకు స్వెట్టరు అల్లుట చలికాలపు సామాన్యమైన పని. ఆ చేతులే క్రిస్మసు సమీపించునప్పుడు చదరపు ముక్కలలో ఒక్కొక్క అక్షరము అల్లి, వాటిని త్రాటికి కూర్చి, నడుమ ఊలు కుచ్చులు కట్టి, ద్వారమునకును ఆరాధన స్థలమునకును తోరణము చేయగలవు. ఇది చిన్న పని అని తలంచువారు ఒక్కమారు తెలుగు అక్షరమును ఊలుతో అల్లి చూడవలెను.

ఇంగ్లీషు అక్షరములలో అనేకము నిలువు గీతలు, అడ్డ గీతలు. గళ్ల కాగితముమీద సులభముగ ఒదుగును. మన అక్షరములో గుండ్రమే ప్రాణము. గుండ్రమును చదరపు గళ్లలో మెట్లుమెట్లుగా త్రిప్పవలెను. మరియొక చిక్కు కలదు. సాధారణపు అల్లికలో ఒక్కొక్క కుట్టు ఎత్తుకంటె వెడల్పు ఎక్కువ గలది. కనుక గళ్లలో సరిగా కనబడిన అక్షరము అల్లిన తరువాత నెత్తిన మొత్తబడినట్లు పొట్టిదగును. ఐదు కుట్ల వెడల్పునకు సుమారు ఏడు వరుసల ఎత్తు లెక్కించిననే అది సమముగ నిలుచును. కాగితముమీద అక్షరమును కావలసినదానికంటె పొడుగుగా గీయవలెనన్నమాట. ఒత్తులకు క్రింద చోటు విడువవలెను, గుడులకు పైన చోటు విడువవలెను. వెనుకతట్టు ప్రాకు రంగు నూలును బిగించి లాగినయెడల ముందుతట్టు ముడతలుపడును. ఎవరికిని కనబడని ప్రక్కను చేసిన తొందర కనబడు ప్రక్కను బయలుపడును. గృహిణులు దీనిని ఏ ప్రసంగికునికంటెను బాగుగ ఎరుగుదురు.

ధర్మశాస్త్రములో మిక్కిలి చిన్న గురుతు సహితము తప్పిపోదని ప్రభువు కొండమీద సెలవిచ్చినప్పుడు, మన అనువాదకులు ఆ చిన్న గురుతులకు తెలుగులో పొల్లు, సున్న అను మాటలు వాడిరి (మత్తయి 5:18). ఎంత తగిన మాటలు! క్రిస్మస్ అను మాటలో తుదనున్న పొల్లు అల్లికలో నాలుగైదు కుట్లు మాత్రమే. వాటిని మరచినయెడల మాట మారిపోవును. సమాధానము అను మాటలో ధకారపు ఒత్తును విడిచినయెడల దూరమునుండి ఎవరును గమనింపకపోవచ్చును. దగ్గరకు వచ్చి చదువు నేర్చుకొను పసిబిడ్డ మాత్రము ఆ తప్పునే నేర్చుకొనును.

ఆ మాటను గూర్చి ఒక సంగతి. సంఘములో మనకు సమాధానము అనగా శాంతి. వీధిలోని తెలుగువానికి సమాధానము అనగా ప్రశ్నకు ప్రత్యుత్తరము. మన ద్వారముమీద ఆ ఐదు అక్షరములు చదివిన పొరుగువాడు, ఏ ప్రశ్నకు సమాధానమని అడిగినయెడల అతనిని చూచి నవ్వకుడి. అతడు మనకంటె లోతుగా చదివెను. హబక్కూకు గోపురమెక్కినది ప్రత్యుత్తరము కొరకే. బేత్లెహేములో పొత్తిగుడ్డలతో చుట్టబడిన శిశువు దేవుని ప్రత్యుత్తరమనియు, ఆయనయే మన శాంతియనియు (ఎఫెసీయులకు 2:14) చెప్పుటకు ఇంతకంటె తెరవబడిన ద్వారము ఏమి కావలెను? అయితే ఆ ఇంటిలో అత్తాకోడండ్రు మూడు నెలలుగా మాటలాడుకొననియెడల ఆ తోరణము వారిమీదనే సాక్ష్యము పలుకును. ఊలు అక్షరములు అబద్ధమాడవు. వాటి క్రింద నివసించు మనమే వాటిని అబద్ధము చేయుదుము.

తెలుగు అక్షరమునకును బెంగాలు గడ్డకును ఉన్న బంధము మనవారిలో అనేకులకు తెలియదు. విశాఖపట్నములో సేవచేసిన అగస్టస్ డి గ్రాంజెస్, ఆనందరాయరు అను మారుమనస్సు పొందిన బ్రాహ్మణుని సహాయముతో సువార్తలను తెలుగు చేయుచు 1810లో మరణించెను. ఆ సువార్తలు అచ్చుపడినది తెలుగు దేశములో కాదు. హుగ్లీ నది ఒడ్డున, శ్రీరామపూరులో. అక్కడ విలియం కేరీయు అతని సహచరులును ముద్రణాలయము నడిపిరి. పంచానన్ కర్మకార్ అను కమ్మరియు, తరువాత అతని అల్లుడు మనోహరుడును భారత భాషల అచ్చు అక్షరములను చెక్కిరి. 1812 మార్చి 11న ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియాయెను. సీసపు అక్షరములు కరిగి ముద్దలాయెను, వ్రాతప్రతులు బూడిదయాయెను. అయినను అక్షరములు పోతపోయుటకు ఆధారమైన ఉక్కు ముద్రలు శిథిలములలో దొరకెను. కరిగిన లోహమునే మరల పోతపోసి, కొద్ది నెలలలో పని సాగించిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ శ్రీరామపూరునుండియే వెలువడెను. ఖరగ్‌పూరునుండి హౌరా చేరి, మరి కొంత దూరము పోయినయెడల ఆ స్థలము. మన సువార్త అక్షరము ఈ గడ్డమీద పరదేశి కాదు.

ఇప్పుడు నా హృదయమును బరువుచేయు మాట చెప్పెదను. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము తెలుగును రాష్ట్రపు అధికార భాషలలో చేర్చుటకు నిర్ణయించెను; ఖరగ్‌పూరు తెలుగువారు అనేక సంవత్సరములుగా కోరినది అది. స్తోత్రము. అయితే ప్రభుత్వము గుర్తించిన అక్షరమును ఇంటి పిల్లవాడు గుర్తింపకున్న ఏమి లాభము? ప్రవాసపు కుటుంబములలో మూడవ తరమువారు తెలుగు మాటలాడుదురు. తల్లిని అమ్మా అని పిలుతురు. తెలుగు కీర్తనను కంఠస్థముగా పాడుదురు. గ్రంథము విప్పి చేతికిచ్చినయెడల అది వారికి ముద్రవేయబడిన గ్రంథమే. బడిలో వారికి హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు. తప్పు బిడ్డలది కాదు. వారు ఏ భాషలో చదివినను దేవుడు వినును. పెంతెకొస్తు దినమున ఎవరి భాషలో వారే వినిరి (అపొస్తలుల కార్యములు 2:6). కాని నాయనమ్మ గీతలు గీసి, అంచులలో పుట్టుకలు, మరణములు గుర్తుపెట్టుకొని చదివిన ఆ పరిశుద్ధ గ్రంథము ఆమెతోకూడ మూయబడునా అను ప్రశ్న ఊరక విడువదగినది కాదు.

తల్లులారా, దేవుని మాటలను ద్వారబంధములమీద వ్రాయుమని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించినది ఎందుకు? అదే అధ్యాయములో, అంతకుముందే, వాటిని బిడ్డలకు నేర్పుమనియు, ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు వాటినిగూర్చి మాటలాడుమనియు చెప్పెను (ద్వితీయోపదేశకాండము 6:7-9). వ్రాత బోధకు తోడుగా వచ్చినది. ఊలుతో ఇ అల్లుచున్నప్పుడు ప్రక్కన కూర్చున్న బిడ్డచేత గళ్లు లెక్కపెట్టించుము. మ్మా అల్లుచున్నప్పుడు క్రింది ఒత్తును వ్రేలితో దిద్దించుము. ఇమ్మానుయేలు అను పేరు ఐదు ముక్కలు, ఐదు సాయంకాలములు. పలకమీద బలవంతముగ దిద్దినది మరచు బిడ్డ, తన చేతితో ఊలు ఉండ పట్టుకొని చూచిన అక్షరమును మరవడు.

అరణ్యములో వివేకముగల స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చిరని నిర్గమకాండము చెప్పుచున్నది. బెసలేలు, అహోలీయాబుల పేర్లు వ్రాయబడినవి. ఆ స్త్రీల పేర్లు లేవు. అయినను వారి నూలు లేక ప్రత్యక్షపు గుడారమునకు తెరలు లేవు. మన దేశములోను ఇట్టి కథ కలదు. మిషనరీ స్త్రీలు గోదావరి డెల్టాలో నేర్పిన లేసు అల్లిక నరసాపురము చుట్టుపట్ల వేలాది గృహములకు వ్యాపించి, సముద్రములు దాటిపోయెను. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. కాని ఆ స్త్రీల కూలి ఎంత స్వల్పమో, వారి పనిని పనిగానే ఎంచక తీరిక వేళ కాలక్షేపమని ఎట్లు త్రోసివేసిరో, మరియా మీస్ అను పరిశోధకురాలు 1982లో ఒక గ్రంథమే వ్రాసెను. బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు హెచ్చరించెను (5:4). కనుక ఈ క్రిస్మసునకు ఎవరైనను ఒక పేద సహోదరిచేత తోరణము అల్లించుకొనినయెడల, బేరమాడక, పండుగకు ముందే, ఆమె చేతిలో పూర్తి కూలి పెట్టవలెను. ప్రార్థనచేసి పంపివేయుట కూలి కాదు.

ఇక్కడ ఒక సహోదరుడు లేచి అడుగును: చలిలో ప్లాట్‌ఫారముమీద గోనెపట్టా కప్పుకొని పండుకొను బిడ్డలుండగా ఊలును గోడకు వ్రేలాడదీయుట న్యాయమా? ప్రశ్న న్యాయమైనదే, దానిని యూదా ప్రశ్న అని త్రోసివేయుట సులభము, కాని న్యాయము కాదు. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు చూపినవి తోరణములు కావు, ఆమె కుట్టిన అంగీలు (అపొస్తలుల కార్యములు 9:39). బేతనియలో మరియ పోసిన అత్తరును ప్రభువు అంగీకరించెను. బీదలు ఎల్లప్పుడును మీతో ఉందురని ఆయన చెప్పిన మాట ద్వితీయోపదేశకాండము 15:11ను తలపించును. ఆ వచనము అంతటితో ఆగలేదు. అందుచేతనే బీదలకు చేయి చాపవలెనని ఆజ్ఞాపించుచున్నది. ప్రభువు మాటలో సగము తీసికొని మన పిసినారితనమునకు తెరగా కట్టుకొనరాదు.

నా ఆలోచన ఇది. ఐదు అక్షరముల తోరణమునకు పట్టు ఊలుతో రెండు చిన్న టోపీలు అల్లవచ్చును. కనుక అక్షరములకు ముందు టోపీలు అల్లుడి. టోపీలు ఎవరి తలకు చేరినవో ఎరిగిన తరువాత తోరణము కట్టుడి. అల్లికకు మరియొక మేలు కలదు: కత్తిరించిన కాగితపు తోరణము చెత్తబుట్టకు పోవును, అల్లినదానిని విప్పవచ్చును. పండుగ గడచిన పిమ్మట కొన విప్పి, నూలును చిలపగా చుట్టి, ఉతికి, బరువు కట్టి ఆరవేసినయెడల ముడతలు చాలవరకు పోవును. జనవరి చలికి అది మరల పనికివచ్చును. దీపములయొద్ద మాత్రము దానిని కట్టకుడి. నేడు మనము ఊలు అని కొనునది చాలమట్టుకు కృత్రిమపు నూలు, మంట తగిలిన కరిగి అంటుకొనును.

దండలనుగూర్చి ఒక్క మాట. లుస్త్రలో పూజారి ఎడ్లను, పూదండలను తెచ్చినప్పుడు బర్నబా పౌలులు వస్త్రములు చింపుకొనిరి (అపొస్తలుల కార్యములు 14:13, 14). మన సంఘములలో క్రిస్మసు నాటి దండలు కొన్నిమారులు ప్రభువు పేరట వచ్చి అతిథుల మెడలో పడుచున్నవి. ఊలు దండ అల్లినవారు దానిని గోడకే, ఆ నామమునకే కట్టుదురు గాక, మెడలకు వద్దు.

పౌలు కొరింథు సంఘమును క్రీస్తు పత్రిక అనెను. సిరాతో కాక జీవముగల దేవుని ఆత్మతో, మెత్తని హృదయములమీద వ్రాయబడినది, సకల మనుష్యులు చదువుచున్నది. సకల మనుష్యులు అనగా బెంగాలీ పొరుగువాడును, ఒడియా కూలివాడును, రాత్రి షిఫ్టు ముగించి సైకిలుమీద ఇంటికి పోవు కార్మికుడును. వారు మన తెలుగు అక్షరములు చదువలేరు, మనలను చదువుదురు.

క్రిస్మసు ముందురాత్రి తోరణము కట్టునప్పుడు ముక్కలను ఇంటిలోని బిడ్డలకు పంచి, వరుస వారినే నిర్ణయింపనిండు. తారుమారైనను త్వరపడి దిద్దకుడి. ఒకరితోనొకరు వాదించి సరిచేసికొందురు. ఐదు అక్షరములు కుదిరిన తరువాత దీపము దగ్గరకు తీసి, లూకా సువార్త రెండవ అధ్యాయము విప్పి, మొదటి వచనము నాయనమ్మ చదువవలెను, రెండవది పిల్లవాడు కూడబలుకుకొని చదువవలెను, ఎంత ఆలస్యమైనను.