వైరాగ్యమా, కాఠిన్యమా?

పూర్వం చాందా అని పిలువబడిన చంద్రపూర్ నుండి నాగపూర్ పోయే దారిలో భద్రావతి ఉన్నది. అక్కడి రైల్వే స్టేషను పేరు భాందక్. ఆ తీర్థంలో వెలసిన కేసరియా పార్శ్వనాథ స్వామిని భక్తులు స్వప్నదేవుడని కొలుస్తారు. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఒక శ్రావకునికి కల వచ్చినదనీ, ఆ కలలో తోచిన జాడను పట్టి వెదకగా అడవిలో ఈ ప్రతిమ దొరికినదనీ తీర్థ చరిత్ర చెబుతున్నది. త్రిశలాదేవి కన్న శుభస్వప్నాల మాట కూడా జైన గృహాలలో అందరికీ తెలిసినదే. అవి శ్వేతాంబరులకు పదునాలుగు, దిగంబరులకు పదహారు.

ఇవి శుభం పలికే కలలు. మనిషి తనలో తాను పూడ్చిపెట్టుకొన్న దానిని తవ్వి చూపే కలలు వేరే ఉన్నవి. అటువంటి కలలు ముసలితనంలో వస్తే భయంకరంగా ఉంటాయి. 1957లో స్వీడన్ దేశపు దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ ఇట్టి కలలను గూర్చి ‘వైల్డ్ స్ట్రాబెర్రీస్’ అనే చిత్రం తీసినాడు. 1958లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో దానికి ప్రథమ బహుమతి లభించినది. వృద్ధుని పాత్ర ధరించిన విక్టర్ షోస్ట్రోమ్ కూడా ఒకప్పటి గొప్ప దర్శకుడే. ఆయన 1960లో మరణించినాడు.

కథ ఒక్క దినంలో జరుగుతుంది. ఈసాక్ బోర్గ్ అనే 78 ఏళ్ల వైద్యాచార్యుడు, పట్టా పుచ్చుకొని యాభై ఏళ్లయిన సందర్భంగా సన్మానం పొందడానికి, కోడలితో కలిసి స్టాక్‌హోమ్ నుండి లుండ్ పట్టణానికి కారులో బయలుదేరుతాడు. ఆ తెల్లవారుజామున ఆయనకు పీడకల వచ్చినది. జనసంచారం లేని వీధి. ముళ్లు లేని గడియారం. ఒరిగిన బండినుండి జారిపడిన శవపేటిక. అందులోని చేయి ఆయన చేతిని పట్టి లాగుతుంది. చూస్తే ఆ శవం తానే!

దారిలో వచ్చిన మరొక కలలో ఆయనకు పరీక్ష జరుగుతుంది. వైద్యుని ప్రథమ ధర్మమేమని అడిగితే ఆయనకు జ్ఞప్తికి రాదు. క్షమాపణ కోరడమే ప్రథమ ధర్మమని పరీక్షకుడు చెబుతాడు. నిర్లక్ష్యం, స్వార్థం అనే నేరాలు మోపుతాడు. శిక్ష ఏమిటంటే, మామూలు శిక్షే: ఒంటరితనం. అదే కలలో ఆయన భార్య చాలా ఏళ్లనాడు అడవిలో పరపురుషునితో తప్పు చేసిన దృశ్యం మళ్లీ కనబడుతుంది. ఇంటికి పోయి చెప్పినా భర్త నొచ్చుకోడని ఆమె ముందుగానే అంటుంది. క్షమించవలసినదేమీ లేదని తీరికగా చెప్పి ఊరుకుంటాడట!

ఇక్కడ జైన పాఠకునికి ఒక సందేహం రావాలి. ఈ వృద్ధుడు ఎవరినీ ద్వేషించలేదు, ఎవరిపైనా కేకలు వేయలేదు, ఒకరి జోలికి పోలేదు. రాగద్వేషాలు లేకుండడమే గదా వీతరాగత! అట్లయితే ఈయన దోషమేమి?

దోషం ఎక్కడున్నదో కారులో కోడలు చెప్పినది. కొడుకు తండ్రివద్ద అప్పు తీసుకొన్నాడు, తీర్చలేక సతమతమవుతున్నాడు. తండ్రి ధనవంతుడు, ఆ సొమ్ముతో ఆయనకు అవసరం లేదు. అయినను మాట మాటేనని ఆయన పట్టు. కొడుకు తన్ను గౌరవిస్తాడని ఆయన అనగా, గౌరవిస్తాడు కాని ద్వేషిస్తాడు కూడా అని కోడలు జవాబిచ్చినది. రాగం పోయిన మనిషి మొదట ధనంపై రాగం వదలవలెను. ఈయన విషయంలో కొడుకుపై మమత ఎండిపోయినది, చిట్టాలో అంకె మాత్రం పచ్చగా ఉన్నది. క్రోధం కనబడకపోవచ్చును గాని, కషాయాలలో రెండవదైన మానం నిండుగా ఉన్నది. అహంకారం కూడా చాలాసార్లు శాంతం వలెనే కనబడుతుంది.

తత్త్వార్థ సూత్రం నాలుగు భావనలను చెప్పినది: ప్రాణులన్నిటితో మైత్రి, గుణవంతులను చూచి ప్రమోదం, బాధపడేవారి యెడల కారుణ్యం, చెప్పినా విననివారి యెడల మాధ్యస్థ్యం. తటస్థత నాలుగవది. మొదటి మూడింటినీ దాటవేసి నాలుగవదాన్ని మాత్రమే పట్టుకొన్నవాడు మెట్లు లేకుండా మేడ ఎక్కినాననుకొన్నట్లే.

వర్ధమానుని చరిత్రే దీనికి సాక్ష్యం. తన కదలిక వల్ల తల్లికి నొప్పి కలుగునేమోయని ఆయన గర్భంలో నిశ్చలంగా ఉండెననీ, బిడ్డ కదలడం లేదని తల్లి దుఃఖించగా మరల కదలెననీ, తల్లిదండ్రులు జీవించి ఉండగా దీక్ష తీసుకొనరాదని అప్పుడే సంకల్పించెననీ శ్వేతాంబర సంప్రదాయం. పరమ వీతరాగుడు కాబోయేవాడు ఇంత మెత్తనివాడు. తెలుగులో చల్లని మనసు అంటే దయగల మనసనే అర్థం. వైరాగ్యం మనసును అట్లు చల్లబరుస్తుంది, కాఠిన్యం గడ్డకట్టిస్తుంది.

కాఠిన్యం ఆస్తి వలె వారసత్వంగా కూడా దిగుతుంది. దారిలో ఈసాక్ పండు ముసలి అయిన తన తల్లిని చూడబోతాడు. ఆమె వద్ద కూడా ముళ్లు లేని గడియారమే ఉన్నది. ఆమె మాటలలో ఆప్యాయత లేదు. ఈసాక్ కొడుకు తన భార్య గర్భంలోని శిశువు తనకు వద్దంటున్నాడు. మూడు తరాల ఖాతా ఒకే పుటలో కోడలికి కనబడినది.

అయితే ఆ దారిలోనే ఒక పెట్రోలు బంకు వచ్చినది. పూర్వం ఆ ప్రాంతంలో వైద్యుడుగా ఉన్నప్పుడు ఈసాక్ చేసిన మేలు తలచుకొని, బంకు యజమాని డబ్బు పుచ్చుకొనడానికి ఒప్పుకొనలేదు. ఆయన మనసు పుట్టుకతో రాయి కాదన్నమాట.

సన్మానం ముగిసిన రాత్రి ఆయన ఉదయం తన ప్రవర్తనకు పాత పనిమనిషిని క్షమాపణ అడుగుతాడు. ఒంట్లో బాగులేదా అని ఆమె అడుగుతుంది! కొడుకుతో అప్పు మాట ఎత్తుతాడు. మాట పూర్తికాకముందే, మీ డబ్బు మీకు ముడుతుంది అంటాడు కొడుకు. తండ్రి చెప్పబోయినది అది కాదు. కాని నలభై ఏళ్లు ఒకే స్వరం విన్న చెవికి కొత్త స్వరం పట్టలేదు.

వర్తక కుటుంబాలు తలచుకొనవలసినది ఈ ఘట్టమే. సంవత్సరి నాడు ‘మిచ్ఛామి దుక్కడం’ అని దూరపు ఊళ్ల వ్యాపారులకు సైతం కార్డులు పోతాయి. ఎదుటి గల్లాపెట్టె వద్ద కూర్చున్న కొడుకుకు, వంటయింట్లోని కోడలికి ఆ మాట నోటితో చెప్పిన పెద్దలెందరు? దీపావళికి కొత్త పుస్తకాలు తెరిచేటప్పుడు రావలసిన బాకీలు మాత్రమే ముందుకు తేవడం, ఇంటివారికి తీర్చవలసిన బాకీ పాత పుటలోనే వదలడం ధర్మం కాదు.

చిత్రం చివర ఆ వృద్ధుడు పడుకొని, చెరువుగట్టున కూర్చొని తనకు చేయి ఊపుతున్న తల్లిదండ్రులను తలచుకొంటాడు. ఆ రాత్రి ఆయన ముఖం ప్రశాంతంగా ఉన్నది. ఒక్క పగటిలో ఆయన తీర్చగలిగిన బాకీ కొద్దిదే. అయినా తీర్చడం మొదలుపెట్టినాడు. ఆరోగ్యం, జ్ఞాపకం, వినే చెవులు ఉన్న దినాలలోనే ఆ పని మొదలుపెట్టిన గృహస్థుడు ధన్యుడు.