సముద్రమునకు ఇసుక హద్దు



ఈ నెల ధ్యానమునకు యిర్మీయా గ్రంథము 5వ అధ్యాయము తీసికొనుడి. సముద్రము పొర్లిపోకుండ ఇసుకను హద్దుగా పెట్టినవాడు తానేనని దేవుడు 22వ వచనములో తన ప్రజలకు జ్ఞాపకము చేయుచున్నాడు. కొండనో రాతిగోడనో చెప్పక ఇసుకను చెప్పుట వింతగా తోచును. ఇసుకమీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడని మత్తయి 7వ అధ్యాయములో చదివియున్నాము గదా!

కోతలు ముగిసి సంక్రాంతి సెలవులు వచ్చినప్పుడు, మా సంఘమునుండి పదునేడుగురము విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము పోవు దారిలో ఒక దినమంతయు నడచితిమి. అందులో ఐదుగురు సముద్రమును అంతకుముందు చూచినవారు కారు. మంచు విడువకముందే తొట్లకొండ ఎక్కితిమి. దాని ఎత్తు 128 మీటర్లు. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట అక్కడ నివసించిన బౌద్ధ భిక్షువులు వాననీరు నిలుపుకొనుటకు బండను తొలిచి తొట్లు చేసికొనిరి. మతము వేరైనను ఆ ఓర్పు మెచ్చదగినది. మేము చలికి వణకుచు నిలిచియుండగా నీళ్లలోనుండి సూర్యుడు లేచెను. చాలసేపు ఎవరును మాటలాడలేదు.

మాతో వచ్చినవారిలో ఇరువురు అన్నదమ్ములు ఉండిరి. వారి చేల నడుమనున్న గట్టు ఏటేటా పారదెబ్బకు సన్నబడి ఒక ప్రక్కకు జరిగినదని తగవు. ఎవరు చెక్కిరో ఇక్కడ వ్రాయము. మూడేండ్లుగా వారు ఒకే ఆదివారమున ప్రభువు బల్లయొద్దకు వచ్చుట లేదు. ఒకరు వచ్చినయెడల రెండవవారు మానుదురు. ఆ దినమున కూడ ఒకరు అందరికంటె ముందు, ఒకరు అందరికంటె వెనుక నడచిరి. తల్లి నడుమ నడచినది.

కొండ దిగి, మంగమారిపేట దాటి, తీరము వెంబడి ఉత్తరముగా సాగితిమి. వల బాగుచేసికొనుచున్న ఒక జాలరి పెద్ద మా పిల్లలను పిలిచి అలలను చూపించెను. రాతిగోడ అలను ఎదురుకొట్టును. ఆ దెబ్బకు గోడ అడుగునున్న ఇసుక కోసికొనిపోయి, కొన్నాళ్లకు గోడయే ఒరుగును. ఇసుక అట్లు ఎదిరింపదు. అల వాలుమీదికి ప్రాకినకొలది దాని బలము తరుగును. కొంత నీరు ఇంకిపోవును. మిగిలినది మెల్లగా వెనుకకు జారును. ఇసుక కొంత పోవును, మరల వచ్చును. ఇన్ని యుగములు సముద్రమును ఆపినది ఈ లోబడు స్వభావమే. ప్రసంగములలో మేము ఈ సంగతి ఇంతవరకు వినలేదు.

మధ్యాహ్నమునకు ఎర్రమట్టి దిబ్బలు చేరితిమి. పూర్వము సముద్రము ఇప్పటికంటె వంద మీటర్లకు పైగా దిగువకు పోయిన కాలమున, బయటపడిన ఇసుకను గాలి మోసికొనివచ్చి ఇక్కడ పోసినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అందులోని ఇనుము త్రుప్పే ఆ ఎరుపునకు కారణము. 2014లో ప్రభుత్వపు భూగర్భ పరిశోధన శాఖవారు దీనిని కాపాడదగిన స్థలముగా ప్రకటించిరి. అయినను 2024లో ఆ దిబ్బల చెంత యంత్రములతో నేల చదును చేయగా పెద్ద అలజడి కలిగెను. సముద్రము మీరని హద్దును మనుష్యుడు మీరును.

జీడిమామిడి చెట్ల నీడను చద్దిమూటలు విప్పి, తిని, ఈ అధ్యాయము చదివితిమి. ఒక సహోదరి అడిగెను: "అయ్యగారూ, 1977లో దివిసీమలో సముద్రం ఊళ్లమీదికి వచ్చింది గదా, అప్పుడు ఈ హద్దు ఏమయింది?"

దీనికి తేలికగా జవాబు చెప్పుట మాకు ఇష్టము లేదు. ఆ ఉప్పెనలో పోయినవారు మనకంటె పాపులని ఎవరైనను అనినయెడల, సిలోయము గోపురము కూలి చనిపోయినవారినిగూర్చి లూకా 13వ అధ్యాయములో ప్రభువు చెప్పినది చదువుకొనవలెను. యిర్మీయా పలికినది నీళ్లను తప్పుపట్టుటకు గాదు. 24వ వచనము చూడుడి: వానలను, కోతకాలమును ఇచ్చువానికి జనులు భయపడలేదట. 28వ వచనములో తండ్రిలేని బిడ్డల వ్యాజ్యెము తీర్చలేదట. గాదెలు నింపుకొని కూర్చున్న మనతోనే ఈ మాట. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో పొరుగువాని సరిహద్దు రాయిని జరుపరాదన్న ఆజ్ఞను కూడ చదివితిమి. చదువుచున్నప్పుడు ఎవరివైపును చూడలేదు.

కొంతసేపటికి పెద్దవాడు, తమ్మునివైపు తిరుగకయే, "అమ్మా, నాయన కాలంలో ఆ గట్టు ఎంత వెడల్పు ఉండేది?" అని అడిగెను.

"మీరిద్దరూ పక్కపక్కన నడిచి బడికి పోయేవోరు," అని ఆమె చెప్పినది.

ప్రొద్దు కొండల వెనుకకు దిగువేళకు, గోస్తని సముద్రములో కలియు భీమునిపట్టణము చేరి బస్సు ఎక్కితిమి. అన్నదమ్ములు వేరువేరు బల్లలమీదనే కూర్చుండిరి. అయితే వచ్చే శనివారము సంఘపెద్దలు ఆ గట్టు కొలుచుటకు చేనికి పోవుచున్నారు. తాడు ఒక కొన అన్న, ఒక కొన తమ్ముడు పట్టుటకు ఒప్పుకొనిరి. ఆ దినముకొరకు ప్రార్థించుడి.