మధ్యవర్తి ఆసనము

రెండు పక్షముల నడుమ కలహము ముదిరినప్పుడు మూడవ మనుష్యుని కొరకు వెదకుట లోకసహజము. ఆ మూడవవాడు మూడు విధములుగా వచ్చును. ఒక పక్షము పంపగా వచ్చువాడు రాయబారి. ఇరుపక్షములపై అధికారము గలిగి తీర్పు చెప్పువాడు న్యాయాధిపతి. ఎవరిచేతను పంపబడక, ఎవరిపైనను అధికారము లేక, ఇరువురి నమ్మకమును మాత్రమే ఆధారముగా గొని కూర్చుండువాడు మధ్యవర్తి. మొదటి ఇరువురి వెనుక బలమున్నది. మధ్యవర్తి వెనుక ఏమియు లేదు. అట్టివాని మాట ఏల చెల్లవలెను? ఈ ప్రశ్నను శరణుల ఆచరణ వెలుగులో విచారించుట మనకు అవసరము.

రాయబారమునకును మధ్యవర్తిత్వమునకును గల భేదమునకు మన ఖిలా వరంగల్ కోటయే సాక్షి. 1310లో మాలిక్ కాఫూర్ సేన మట్టికోటను దాటి రాతికోటను ముట్టడించినది. ప్రతాపరుద్రుడు దూతలను పంపెను. సంధి కుదిరెను. ఏనుగులు, గుఱ్ఱములు, ధనరాశులు ఢిల్లీకి తరలినవి. ఏటేట కప్పము కట్టుటకు ఒప్పుదల జరిగినది. ముట్టడి తొలగెను గాని వైరము తొలగలేదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యెను. నాడు మాటలాడినవారందరును ఏదో ఒక వైపు మనుష్యులే; నడుమ నిలిచినవాడు లేడు. కత్తి నీడన కుదిరిన ఒప్పందము బలాబలములను కొలుచును గాని న్యాయాన్యాయములను కొలువదు. బలము మారిననాడు అట్టి ఒప్పందము చెదరిపోవును.

కల్యాణమున బసవేశ్వరుడు చూపిన మార్గము వేరు. ఆయన బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన మంత్రి. అనుభవ మంటపమున అగ్రాసనమును తానే అధిష్ఠించినను కాదనువారు లేరు. అయినను ఆ ఆసనమును ఇల్లు, పదవి, ధనము ఏవియు లేని అల్లమప్రభువునకు అర్పించెనని సంప్రదాయము. దానికి శూన్య సింహాసనమని పేరు. షట్స్థల సిద్ధాంతమున శూన్యమునకు గల అర్థము లోతైనది. ఇచట మనకు కావలసిన భావమొక్కటి చాలును. శూన్యమనగా లేమి కాదు. 'నేను', 'నాది' అనునవి తొలగిన స్థితి. మడివాలు మాచయ్య, అంబిగర చౌడయ్య, అక్కమహాదేవి వంటి శరణులు ఆ సభలో నిర్భయముగా పలుకగలిగిరి. ఆసనముపై ఉన్నవానికి వారి నుండి పొందవలసినదేదియు లేదు. మధ్యవర్తి మాట చెల్లుటకు కారణమిదియే. అతని బలము అతడు విడిచినదానిలో నున్నది.

ఇది పురాతనుల కాలమునకే చెల్లునందురేమో. మన కాలపు నిదర్శనము కూడ గలదు. దళితుల హక్కులకును, వెట్టిచాకిరి నిర్మూలనకును పాటుపడిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యమున గుర్తేడు వద్ద నక్సలైట్లు కొందరు అధికారులను అపహరించిరి; శంకరన్ వారిలో ఒకరు. పదేండ్ల పిమ్మట, 1997లో, పౌరస్పందన వేదిక ఏర్పడినప్పుడు ఆయనయే దానికి నాయకత్వము వహించిరి. న్యాయవాది కె.జి. కన్నబిరాన్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ప్రభృతులు ఆయనతో నడచిరి. తనను బంధించినవారిపై పగను ఆయన వెంట తెచ్చుకొనలేదు. తాను పనిచేసిన ప్రభుత్వముపై పక్షపాతమును కూడ తెచ్చుకొనలేదు. ఎదురుకాల్పుల పేర జరుగు హత్యలు చట్టవిరుద్ధమని ప్రభుత్వమునకు చెప్పిరి. సామాన్యుల ప్రాణములను తీయుట ఏ ఆశయమునకును శోభ కాదని ఆయుధధారులకు చెప్పిరి. అందువలన ఇరువైపుల నుండియు నిందలు పడిరి. ఇరువురికిని ప్రియమైన మాటలనే పలుకువాడు మధ్యవర్తి కాడు, ముఖస్తుతి చేయువాడు. ఎవరికి రుచింపని సత్యమును వారికే ముఖాముఖి చెప్పుట మధ్యవర్తి ధర్మము.

ఆ కృషి ఫలితముగా 2004 అక్టోబరులో హైదరాబాదునందు ప్రభుత్వ ప్రతినిధులును, అడవి నుండి వచ్చిన నాయకులును ఒకే బల్ల చుట్టును కూర్చుండిరి. చర్చలు నిలువలేదు. 2005 జనవరిలో వారు చర్చల నుండి వైదొలగిరి. ఆగస్టులో నిషేధము తిరిగి విధింపబడెను. కావున ఆ ప్రయత్నము వ్యర్థమందుమా? తుపాకులు తగ్గియున్న ఆ కొలది మాసములలో ప్రాణములు దక్కించుకొన్న పల్లెవాసుల ఎదుట ఆ మాట అనగలమా? కాయకమునకు ఫలము ప్రమాణము కాదు, నిష్ఠయే ప్రమాణము. మధ్యవర్తిత్వము కూడ ఒక కాయకమే.

ఇక కఠినమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. మధ్యవర్తి ఎవరి పక్షమునను ఉండరాదన్నచో, న్యాయ పక్షమున కూడ ఉండరాదా? మన ఇండ్లలో జరుగుదానిని చూడుడు. అన్నదమ్ములు పొలము పంచుకొనునప్పుడు పెద్దలు కూర్చుందురు. పంపకము చిక్కుపడగానే ఆడపడుచు వైపు తిరిగి, "పుట్టింటి మాట నిలబెట్టు తల్లీ, నీ భాగము వదులుకొమ్ము" అందురు. ఆమె తల వంచును. కాగితముపై సంతకము పడును. ఇల్లు శాంతించినదని అందరును తృప్తిగా భోజనము చేయుదురు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన హక్కును 1985లో ఆంధ్రప్రదేశ్ చట్టమును, 2005లో కేంద్ర చట్టమును గుర్తించినవి. అంతకు ఎనిమిది శతాబ్దములకు పూర్వమే స్త్రీకి లింగధారణ హక్కును నిచ్చిన ధర్మము మనది. మెడలో లింగమును సమానముగా ధరించిన ఆడబిడ్డకు పొలము గట్టు వద్ద సమానత్వము లేదనుట ఏ శరణ మార్గము? బలహీనుని వంచి సాధించిన నిశ్శబ్దము శాంతి కాదు. ఓరుగల్లు సంధి వలె అదియు బలమును మాత్రమే కొలిచిన ఒప్పందము. మధ్యవర్తి మనుష్యుల నడుమ సమముగా నుండవలెను. న్యాయాన్యాయముల నడుమ సమముగా నుండరాదు.

నేటి చట్టము కూడ ఈ కాయకమునకు చోటిచ్చినది. 1987 నాటి న్యాయసేవల చట్టము లోక్ అదాలత్‌లకు ప్రాణము పోసినది. 2023లో పార్లమెంటు ఆమోదించిన మధ్యవర్తిత్వ చట్టమున ఒక ప్రాంతపు ప్రజల, కుటుంబముల మధ్య సామరస్యమును చెరచు తగవులకై ముగ్గురు సభ్యులతో కూడిన సాముదాయిక మధ్యవర్తిత్వము చెప్పబడినది. అట్లు కుదిరిన ఒప్పందమునకు న్యాయస్థానపు డిక్రీ బలము లేదు. అది లోపముగా తోచవచ్చును. నిజమునకు మధ్యవర్తికి నమ్మకమే తప్ప దండము లేదను పాత సత్యమునే చట్టము అంగీకరించినది.

మఠములును, సమాజ పెద్దలును ఈ విషయమున కొన్ని నియమములు పాటింపవచ్చును. తగవు నడచుచున్నంత కాలము ఏ పక్షము నుండియు కానుకను గాని, పాదపూజను గాని స్వీకరింపకుందురు గాక. బంధుత్వమో, అప్పో ఉన్నవారు తామే ఆ పీఠము నుండి లేచిపోదురు గాక. ఒకరు చెప్పిన రహస్యమును రెండవవారి ఎదుట ఆయుధముగా వాడకుందురు గాక. సభలో అందరికంటె తక్కువ మాటలాడిన మనిషిని చివరగా కాక మొదటగా అడుగుదురు గాక. ఇవి పెద్ద శాస్త్రములు కావు. కాని వీనిలో ఒక్కటి తప్పినను ఆసనము శూన్యము కాజాలదు.

కోట నడుమ స్వయంభూ దేవుని ఆలయము శిథిలమైనను నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు నేటికిని నిలిచియున్నవి. వానికి తలుపులు లేవు. ఏ దిక్కు నుండి వచ్చినవానికైనను త్రోవ ఇచ్చును; ఎవరిని వచ్చినను తమ వద్ద నిలుపుకొనవు. తగవు తీర్చ కూర్చుండు పెద్దలు ఆ తోరణముల వలె నుండవలెనని మా విన్నపము.