నేల ధర పెరిగితే నీడ ఎవరికి?



మేముండు ముంబైలో కామాటిపుర అను పేట ఉన్నది. కూలి పనులకు, కట్టడపు పనులకు వచ్చిన మన తెలుగు కామాటుల వలననే దానికి ఆ పేరు వచ్చినది. ఇండ్లు కట్టిన చేతులకే ఇల్లు దొరకని స్థితి ఎందుకు వచ్చినది? ఈ ప్రశ్న మమ్మును విడువకున్నది.

నేల తక్కువ గనుక ధర ఎక్కువ అందుము. ముంబై చుట్టును సముద్రమున్న మాట నిజమే. అయితే కొరత అంతయు సముద్రము వలన కలిగినది కాదు. కొంత చట్టముల వలన కలిగినది. 1947 నాటి అద్దె చట్టము అద్దెలను కదలనీయలేదు. అప్పటికే అద్దెకున్నవారికి అది మేలు. కాని యజమానులు మరమ్మతులు మానిరి, అద్దెకిచ్చుటకు ఇండ్లు కట్టువారు తగ్గిరి, తరువాత వచ్చినవారు పగిడీ ఇచ్చుకొనవలసి వచ్చెను. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టము ముంబైలో ఒకరికి 500 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలము ఉండరాదనెను. ఉద్దేశము మంచిదే. అయినను మినహాయింపుల నడుమ, వ్యాజ్యముల నడుమ చాలా స్థలము పేదలకు చేరలేదు, అమ్మకమునకును రాలేదు. మహారాష్ట్రలో అది 2007లో రద్దయినది. 1991 నాటి నియమములు పాత నగరములో అన్ని అంతస్తులు కలిపి స్థలమునకు 1.33 రెట్లు, శివారులలో ఒక్క రెట్టు మాత్రమే సాధారణముగా కట్టనిచ్చెను. నీరు, మురుగు కాలువలు చాలవను భయము అబద్ధము కాదు. అయితే కాలువలు పెంచుటకు బదులు ఇండ్లను ఆపినందున జనము రాక మానలేదు. 2011 జనాభా లెక్కల నాటికి నగరములో 100కి 40 మందికి పైగా మురికివాడలలోనే ఉండిరి.

ఇక మన సంగతి. మనలో కొందరము తండ్రులు చవకగా కొన్న స్థలములలో ఉన్నాము. ధర ఎన్నో రెట్లు పెరిగినదని సంతోషింతుము. కొనుట తప్పు కాదు. కాని ఆ పెరుగుదల మన కష్టార్జితమా? రైలు, రోడ్డు, చుట్టు చేరిన జనుల శ్రమ మన దస్తావేజులో చేరినది. ఆ ధరయే మన బిడ్డలను దూరపు శివారులకు పంపినది. ఆదివారము రెండు బండ్లు మారి, పసిపిల్లలను ఎత్తుకొని ఆరాధనకు వచ్చుచున్నవారు వారే.

ఒక మాట ఒప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట మా వీధిలో చిన్న వాటాల కట్టడము వచ్చునని విని, అభ్యంతర పత్రముపై మేమును సంతకము చేసితిమి. నీళ్లు చాలవని వ్రాసితిమి. లోపలి భయము వేరు: మా ఇంటి ధర తగ్గునేమో అని. పొలములను, ఇండ్లను పోగుచేసికొనువారిని యెషయా ప్రవక్త గద్దించిన సంగతి పిల్లలకు బోధించిన మేమే ఆ పని చేసితిమి.

కాబట్టి ఇకమీదట అట్టి పత్రము వచ్చినప్పుడు నీళ్ల గొట్టములు, మురుగు కాలువలు పెంచుడని అడుగుదము. పొరుగువారిని తగ్గించుడని అడుగకుందము. ముందు వచ్చినవారము గనుక తలుపు మనదే అనుకొనుట న్యాయము కాదు. మన పెద్దలును ఒకనాడు మూటలతో వచ్చి ఆ తలుపు తట్టినవారే గదా!