తప్పులేని వాక్యం

నేను పిల్లలకు నేర్పిన మొట్టమొదటి ఇంగ్లీషు వాక్యం ఒక అబద్ధం. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. దానికి నాకు మంచి మార్కులు కూడా పడ్డాయి.

1992లో నేను బి.ఇడి. చేస్తున్నాను. అప్పటికే ఎం.ఏ. ఇంగ్లీషు లిటరేచర్ అయిపోయింది. మా మాదిగపల్లెలో ఆ రెండు చదువులు చదివినవాణ్ణి నేనే మొదలు. ఆ రోజుల్లో బి.ఇడి. ఏడాది చదువే. థియరీ పేపర్లు, రికార్డులు, చార్టులు, మైక్రో టీచింగు, అన్నిటికీ మించి టీచింగ్ ప్రాక్టీసు. నాకు ఒక హైస్కూల్లో ఆరో తరగతి ఇచ్చారు. స్ట్రక్చరల్ అప్రోచ్‌లో పాఠం చెప్పాలి. అంటే ఒక వాక్యం తీసుకుని, అందులో ఒక్క మాట మారుస్తూ, పిల్లలందరి చేతా మళ్ళీ మళ్ళీ అనిపించాలి. నేను తీసుకున్న వాక్యం 'మై ఫాదర్ ఈజ్ ఎ...'. ఆ ఖాళీలో పెట్టటానికి రాత్రంతా కూచుని బొమ్మల చార్టు గీశాను. ఫార్మర్, టీచర్, డాక్టర్, పోస్ట్‌మాన్.

సూపర్‌వైజర్ గారు వెనక బెంచీలో నోటుపుస్తకం తెరిచి కూచున్నారు. పిల్లలు వరసగా లేచి చెపుతున్నారు. గోడవారన కూచున్న ఒక పిల్లోడి దగ్గర పాఠం ఆగింది. లేచి నిలబడ్డాడుగానీ నోరు విప్పడు. దగ్గరికి పోయి, "మీ నాయన ఏం చేస్తాడ్రా?" అని తెలుగులోనే అడిగాను.

"తోళ్ళు ఊనుతాడు సార్."

ముందు బెంచీలు పకపకా నవ్వాయి. ఒకడు ముక్కు మూసుకున్నాడు. నా చార్టులో ఆ బొమ్మ లేదు.

నాకు లంద తెలుసు. తంగేడు చెక్క తెలుసు. ఆరె, రంపె మా ఇంటి చూరులో ఉండేవి. ఆ తోళ్ళ వాసనలోనే నేను అఆలు దిద్దుకున్నాను. ఆ పనికి ఇంగ్లీషు మాట కూడా నాకు వచ్చు. అయినా ఒక్కసారి వెనక బెంచీ వైపు చూసి, "సే, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అన్నాను. పిల్లోడు నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆ వాక్యం గడగడా అప్పజెప్పాడు. నేను "వెరీ గుడ్" అన్నాను. పిల్లలందరూ పాల్గొన్నారనీ, తప్పు వెంటనే సరిదిద్దాననీ సూపర్‌వైజర్ గారు రాశారు.

ఏ తప్పు? పిల్లోడు చెప్పింది నిజం. నేను దిద్దింది ఆ నిజాన్ని.

ఆ అబద్ధం నా దగ్గర అప్పటికే తయారుగా ఉంది. ఎం.ఏ.లో చేరిన రోజు ఒక్కొక్కరినీ లేపి పరిచయం చేసుకోమన్నప్పుడు నేను కూడా 'ఫార్మర్' అనే అన్నాను. మాకు సెంటు భూమి లేదు. ఆసామి చేలో నాయన కూలికి పోతాడు గదా, సగం నిజమేలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ క్లాసులోనే కొన్నాళ్ళకు షేక్‌స్పియర్ జీవితం పాఠం జరిగింది. ఆయన తండ్రి జాన్ షేక్‌స్పియర్ స్ట్రాట్‌ఫర్డ్‌లో తోళ్ళు పదునుచేసి చేతితొడుగులు కుట్టేవాడు. 1568లో ఆ ఊరికి బెయిలిఫ్, అంటే ఊరి పెద్ద అయ్యాడు. అందరం నోట్సు రాసుకున్నాం. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ముక్కు మూసుకోలేదు. హామ్లెట్ నాటకం అయిదో అంకంలో గోతులు తవ్వేవాడు ఒక మాటంటాడు. తోళ్ళు ఊనేవాడి శవం తొమ్మిదేళ్ళయినా కుళ్ళదట. ఆ పనిచేసీ చేసీ వాడి చర్మం కూడా ఊరిపోయి నీళ్ళను లోపలికి రానివ్వదట. అంటే మా నాయన పని షేక్‌స్పియర్‌లో ఉంది. పరీక్షలో నేను హామ్లెట్ ఎందుకు జాప్యం చేశాడో ఎనిమిది పేజీలు రాశాను. గోతులు తవ్వేవాడికి రెండు లైన్లు ఇచ్చి, 'కామిక్ రిలీఫ్' అని తేల్చేశాను.

అక్కడికీ ఇక్కడికీ ఉన్న తేడా ఆ వయసులో నాకు అర్థం కాలేదు. తోళ్ళ పని చేసినవాడు అక్కడ ఊరి పెద్ద కాగలిగాడు. ఇక్కడ నేను ఆరె ముట్టుకోకపోయినా, టౌనులో గది అద్దెకడిగితే ఇంటాయన మొదట అడిగింది 'మీ నాన్నగారేం చేస్తుంటారు?' అనే. కులం పనుల్ని పంచటంతో ఆగలేదనీ, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడదీసిందనీ అంబేద్కర్ 1936లోనే వివరించాడు. నాన్న పని అడగటం ఇంకో దేశంలో మామూలు పలకరింపు కావచ్చు. మన దగ్గర అది కులం అడిగే మర్యాదైన పద్ధతి. ఆ ప్రశ్నను నేను చార్టు మీద రంగులేసి తీసుకుపోయి పసిపిల్లల్ని అడిగాను.

సెలవుల్లో ఇంటికి పోయి ఈ సంగతి మాయమ్మతో చెప్పాను. పొగాకు గ్రేడింగు నుంచి వచ్చి కాళ్ళు బార్లా చాపుకుని కూచుంది.

"మీ నాయన తోళ్ళు ఊనితే గదరా నీ ఫీజులు కట్టింది. ఆ మాట ఇంగిలీసులో లేదా?"

"ఉందమ్మా."

"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర సమాధానం లేదు.

ఒక మిత్రుడు నన్ను సమర్థించాడు. "నువ్వు ఆ పిల్లోణ్ణి కాపాడావు. నవ్వు ఆగింది గదా!" అన్నాడు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడాలో ఉద్యోగానికి పోయిన అంబేద్కర్‌కు తల దాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి ఆయన్ని వెళ్ళగొట్టారు. ఆ సంగతి తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఆయన పేరు దాచుకోవటం నేరమని నేననను. తలుపులు మూసినవాళ్ళదే ఆ అబద్ధం. గది కోసం, నీళ్ళ కోసం, ఉద్యోగం కోసం కులం దాచుకున్న మనవాళ్ళను నిందించే హక్కు ఎవరికీ లేదు.

కానీ నేను చేసింది అది కాదు. ఆ పిల్లోడు దాచుకోలేదు. నాకు ఎం.ఏ.లో లేని ధైర్యం వాడికి పదకొండేళ్ళకే ఉంది. ఆ ధైర్యాన్ని నేను లాక్కుని, దాచుకోవటం నేర్పాను. తను దాచుకోవటం వేరు, ఇంకొకడికి దాచుకోవటాన్ని చదువుగా నేర్పటం వేరు. పైగా అప్పుడు నా చేతిలో చాక్‌పీసు ఉంది. వాడి చేతిలో ఏముంది?

బి.ఇడి. సైకాలజీ పేపర్లో థార్న్‌డైక్ సూత్రాలు చదివాను. ఏ పని వెంట తృప్తి కలుగుతుందో ఆ పని మనసులో గట్టిపడుతుంది. నిజం చెపితే నవ్వులొచ్చాయి, అబద్ధం చెపితే 'వెరీ గుడ్' వచ్చింది. పరీక్షలో రాసిన ఆ సూత్రాన్ని నేను క్లాసులో అమలుచేసి చూపించాను.

ఉద్యోగమొచ్చాక ఈ పాపం కడుక్కుందామనుకున్నాను. అందులోనూ తప్పుచేశాను. పిల్లలందరూ నిజమే చెప్పాలని పట్టుబట్టాను. ఒక ఆడపిల్ల లేచి, తల దించుకుని నిలబడింది. మర్నాటి నుంచి నాలుగు రోజులు బడికి రాలేదు. వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ దొడ్లు కడిగే పనికి పోతుంది. ఆమె నన్ను నిలదీసింది. "మా బతుకు మీ పాఠానికెందుకు సారూ? మీరు ముందు మీది చెప్పారా?"

నేను చెప్పలేదు.

నిజం చెప్పాల్సిన బాధ్యత అందరిమీదా ఒకే బరువున ఉండదు. భయం తక్కువున్నవాడు ముందు చెప్పాలి. క్లాసులో జీతమున్నవాణ్ణి, కుర్చీ ఉన్నవాణ్ణి నేను. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఆ పాఠంలో మొదటి వాక్యం నాదే. 'మై ఫాదర్ వాజ్ ఎ టానర్.' అప్పటికి నాయన లేడు. బోర్డు మీద ఆ మాట రాసి, షేక్‌స్పియర్ తండ్రి సంగతి చెప్పి, ఇక ఎవరినీ లేపను. చెప్పాలనుకున్నవాళ్ళు చెపుతారు. కూలివాడి పిల్ల 'ఫార్మర్' అంటే దిద్దను. నవ్వినవాణ్ణి మాత్రం దిద్దుతాను, తప్పు అక్కడుంది గనక. దీనివల్ల స్టాఫు రూములో ఒకరిద్దరి పలకరింపులు పలచబడ్డాయి. పలచబడనీ.

2015 నుంచి బి.ఇడి. రెండేళ్ళ చదువైంది. సమాజం గురించీ అసమానతల గురించీ పాఠాలు చేరాయి. మంచిదే. కానీ వెనక బెంచీలో మార్కులు వేసేవాళ్ళు, ముందు నిజం చెప్పిన పిల్లోడు ఉన్నప్పుడు మనం ఎటు చూడాలి? దీనికి లెసన్ ప్లాన్‌లో గడి లేదు. అది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

1855లో పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తాబాయి అనే పిల్ల మాంగులూ మహార్లూ పడుతున్న దుఃఖం గురించి వ్యాసం రాసింది. జ్ఞానోదయ పత్రిక దాన్ని అచ్చువేసింది. మరాఠీ దేశంలో మాంగులంటే ఇక్కడ మనలాంటివాళ్ళే. ఆ పిల్ల తనవాళ్ళ బతుకును దాచకుండా రాయగలిగిందంటే, రాస్తే నవ్వనివాళ్ళు ఆ బడిలో ఉన్నారనే గదా! వాళ్ళకు మన డిగ్రీలు లేవు. నూట ముప్పై ఏడేళ్ళ తర్వాత, రెండు డిగ్రీల మనిషిని, నేను ఒక మాదిగ పిల్లోడి నోరు దిద్దాను.

వాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆ రోజు నా మొహంలోకి ఎందుకు చూశాడా అని ఇప్పటికీ అనుకుంటాను. వీడు మనోడే అని గుర్తుపట్టాడేమో. గుర్తుపట్టే, నా మార్కులు పోకూడదని ఆ వాక్యం అంత బాగా అప్పజెప్పాడేమో.