గురువు సంతోషము ఎవరి సొత్తు?

ఆటిజముగల పిల్లలకు చదువు చెప్పువారిని చూచి లోకము రెండు మాటలు తరచుగా అనుచుండును. "మీకెంత ఓర్పు!" అనునది మొదటిది. "ఇంత శ్రమకు ఫలమేమున్నది?" అనునది రెండవది. మొదటిమాటకు మేము నమస్కరించి ఊరకుందుము. వంటవానికి పొయ్యివేడి యెట్టిదో మాకు ఓర్పు అట్టిది. అది లేనిదే పని సాగదు గనుక దానిని ప్రత్యేకముగా పొగడ నవసరము లేదు. రెండవ ప్రశ్న మాత్రము ఆలోచింపదగినది.

ఫలము లేదనుట అసత్యము. ఏడాది పొడవున ఎదురుచూచిన మాట ఒక్కటి బిడ్డ నోట వినబడిననాడు ఆకలి మరచిన ఉపాధ్యాయినులను మేమెరుగుదుము. ఫలాపేక్ష లేక కర్మ నాచరింపవలెనని గీత బోధించుచున్నదని పెద్దలు మాకు గుర్తుచేయుచుందురు. గొప్ప బోధయే, కాని దానిని ఎదుటివారికి చెప్పుట మిక్కిలి సులభము. మేము ఫలమును కోరుచునే యున్నాము. కోరుట దోషమని మాకు తోచదు. తేల్చుకొనవలసినది వేరొకటి కలదు: ఆ సంతోషము ఎందువలన కలిగినది? బిడ్డ మనవలె నడచుకొన్నందుకా, తన మనస్సులోనిది తాను తెలుపుకొనగలిగినందుకా? పైకి రెండును ఒక్కటిగనే కనబడును. బిడ్డకు మాత్రము ఆ రెంటికిని నడుమ భూమ్యాకాశముల దూరము కలదు.

ఈ ప్రశ్న నెదుర్కొన్న తొలి గురువులలో ఫ్రెంచి వైద్యుడు ఝాఁ ఇటార్ ఒకడు. అవేరాన్ ప్రాంతమున అడవినుండి వెలువడిన మాటరాని బాలు నొకనిని 1800లో పారిస్ నగరమునకు కొనివచ్చిరి. ఇటార్ వానికి విక్టర్ అని పేరిడి, గెరాన్ అను ఇల్లాలి సంరక్షణలో నుంచి, సుమారు అయిదేండ్లు విద్య గరపెను. ఆ బాలునికి ఆటిజముండెనని నేటి మనశ్శాస్త్రజ్ఞులలో కొందరు తలంచుచున్నారు. రెండు శతాబ్దముల వెనుకటి బిడ్డకు రోగనిర్ణయము చేయుట సాహసము. ఆ వివాదములోనికి మేము పోము. కాని 1801లోను 1806లోను ఇటార్ వ్రాసిన నివేదికలలో మా తరగతిగది మాకు కనబడుచున్నది.

విక్టర్ పలుక నేర్చిన కొద్ది మాటలలో ఒకటి పాలను తెలుపు ఫ్రెంచిమాట. పాలు కావలెనని అడుగుటకు వాడు దానిని పలుకలేదు. పాలు తన పాత్రలో పడిన తరువాత ఆనందముతో పలికెడివాడు. గురువునకు ఇది నిరాశ కలిగించెను. కోరికను తెలుపని మాట ఏమి మాట యని ఆయన తలంపు. ఇచ్చట మేము ఇటార్ పక్షమున నిలువజాలము. మన ఇండ్లలో పసివాడు చందమామను చూచి 'మామ' యని చేయి చాచినప్పుడు, ఆ మాటతో వాడు సాధించిన పని యేమని ఏ తల్లి యైన నడుగునా?

కొన్నినాళ్లకు ఇటార్ ఆ మాటలోని నాలుగక్షరములను లోహపు బిళ్లలుగా ఇచ్చి, వానిని వరుసగా కూర్చిన పాలు దొరకునని విక్టరునకు నేర్పెను. ఒక వారము గడచెను. విక్టర్ ప్రతిదినము తనకు పాలు పోయు ఒక గృహస్థుని ఇంటికి బయలుదేరుచు, ఎవరును చెప్పకయే ఆ నాలుగు బిళ్లలను జేబులో వేసికొనెను. అచ్చటికి చేరగానే వానిని బల్లపై పేర్చి చూపెను. పేర్చుట ఇటార్ నేర్పిన పాఠము. జేబులో వేసికొనిపోవుట ఇటార్ నేర్పలేదు. గురువు లేనిచోట, గురువు తలంపని వేళ, తన యవసరమునకు తానే పాఠమును మోసికొనిపోయిన బిడ్డను చూచి పొందిన సంతోషమును ఏ ప్రమాణముతో తూచినను తక్కువపడదని మా నమ్మకము.

1806 నాటి నివేదికలో మరియొక ఘట్టము కలదు. విక్టరునకు న్యాయాన్యాయ వివేకము కలదో లేదో తెలియగోరి ఇటార్, వాడు పాఠమును చక్కగా అప్పగించిన వేళనే, మెచ్చుకొనుటకు బదులు కోపము నటించి వానిని శిక్షించు గదివైపు ఈడ్చెను. తప్పు చేసిన దినములలో లొంగిపోవు బాలుడు ఆనాడు లొంగలేదు. పెనుగులాడి, తుదకు గురువు చేతిని కరచెను. ఆ గాటు తనకు అమితానందము కలిగించెనని ఇటార్ వ్రాసికొనెను. అన్యాయమునకు ఎదురు తిరిగినవాడు మనుష్యత్వమునకు దూరుడెట్లగును? సంతోషము సరియైనదే. దానికొరకు జరిపిన పరీక్ష సరియైనది కాదు. బిడ్డలో ధర్మబుద్ధి కలదో లేదో చూచుటకు గురువు అధర్మము చేయుటను ఏ శాస్త్రము సమ్మతించును?

ఇటువంటి ప్రలోభము ఇటార్‌తో ముగియలేదు. అమెరికాలో ఈవార్ లోవాస్ 1987లో ప్రకటించిన పరిశోధన లోకప్రసిద్ధము. వారమునకు 40 గంటలచొప్పున రెండేండ్లకు పైగా చిన్నచిన్న మెట్లుగా బోధింపగా 19 మంది పిల్లలలో 9 మంది సాధారణ తరగతులలో చదువగలిగిరని ఆయన తెలిపెను. ఆ లెక్కపై వాదములు నేటికిని తీరలేదు. ఎందరో తలిదండ్రులు దానివలన ఆశ తెచ్చుకొనిరి. మెట్లుగా నేర్పు పద్ధతి మాకును ఉపకరించుచున్నది. కాని బిడ్డ తొడపై అప్పుడప్పుడు చరచుటయు ఆనాటి బోధనలో ఒక సాధనముగా నుండెనని ఆ పత్రమే చెప్పుచున్నది. బిడ్డ ఇతరులవలె కనబడుటయే గురువు గెలుపైనచో చేయి లేచుటకు ఎంతో కాలము పట్టదు. "నా కన్నులలోనికి చూడు" అని గడ్డము పట్టి ఎత్తుటయు అట్టిదే. చూపు కలుపుట తమకు బాధాకరమనియు, చూపు మరల్చుకొన్నప్పుడే మాట చక్కగా వినబడుననియు, ఆటిజముగల పెద్దలు పలువురు తమ స్వానుభవమును వ్రాసియున్నారు. ఆ సంగతి తెలిసిన పిమ్మట, బలవంతపు చూపు వలన గురువునకు కలుగు సంతోషము మాకు రుచింపదు.

ఆటిజమును 1943లో 11 మంది పిల్లల చరిత్రలతో వర్ణించిన లియో కానర్, 1946లో ఆ పిల్లల మాటతీరుపై మరియొక వ్యాసము వ్రాసెను. అయిదేండ్ల బాలుడొకడు సమీపమున కుక్కయు మేడయు లేకున్నను, కుక్కను మేడపైనుండి పడవేయవద్దని తనకు తానే చెప్పుకొనుచుండెను. విన్నవారు దానిని అర్థరహితమని తలంచిరి. విచారింపగా, మూడేండ్ల క్రిందట లండనులోని హోటలులో వాడు బొమ్మకుక్కను మాటిమాటికి క్రిందికి విసరగా, తెచ్చితెచ్చి అలసిన తల్లి ఆ మాటతో మందలించెనని తెలిసెను. నాటినుండి ఏ వస్తువునైనను విసరబుద్ధి పుట్టినప్పుడెల్ల ఆ బాలుడు ఆ మాటతో తన్ను తాను వారించుకొనుచుండెనట! అర్థము మాటలో లేక కాదు. వినువారు దానిని వెదుకక.

మన ఇండ్లలోను ఇది నిత్యము జరుగుచున్నది. "నీళ్లు కావాలా?" అని తల్లి అడుగును. "నీళ్లు కావాలా?" అని బిడ్డ అనును. చిలుకపలుకని ఇంటివారు నిట్టూర్తురు. అది చిలుకపలుకు కాదు. తల్లి ఏ మాట యన్నప్పుడు నీళ్లచెంబు చేతికి వచ్చునో ఆ మాటను బిడ్డ పట్టుకొన్నది. ఈ సంగతి గ్రహించిన దినమున బిడ్డ క్రొత్తగా నేర్చినదేమియు లేదు, నేర్చినది తల్లియే. అయినను ఆ ఇంట ఆనాడు పండుగ. మా వృత్తిలో మాకు దక్కు సంతోషములలో సగముకంటె నెక్కువ ఈ జాతివే.

బొమ్మల కార్డులతో కోరికలు తెలుపుట అమెరికాలో 1985 ప్రాంతమున ఆరంభమై నేడు మన పాఠశాలలలోను వాడుకలోనున్నది. అరటిపండు బొమ్మ ఇచ్చి అరటిపండు పుచ్చుకొన్న బిడ్డను చూచి చప్పట్లు కొట్టనివారుండరు. 'వద్దు' అను కార్డును చూపినప్పుడు చప్పట్లు అంతగా వినబడవు. మా దృష్టిలో ఆ కార్డే మిన్న. పెరుగన్నము పెట్టినప్పుడెల్ల బల్లకు తల కొట్టుకొను బాలుడొకడు, ఒకనాడు తల కొట్టుకొనక ఆ కార్డును మా ముందునకు త్రోసినాడు. గిన్నె వెంటనే తీసివేసితిమి. వానికి ఆకలిగా నున్నదనియు, రెండు ముద్దలైన తిన్న మంచిదనియు మాకు తెలియును. కాని ఆ క్షణమున ఒక్క ముద్ద కుక్కినను ఆ కార్డు విలువ శాశ్వతముగా పోవును. వాడు మరల తలనే వాడుకొనును.

దేశాంతరవాసులమైన మనకు ఇందులో ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ఈ కన్నడసీమలో తరతరములుగా కాపురమున్న తెలుగు ఇండ్లలో అవ్వ తెలుగు, వీథి కన్నడము, బడి ఇంగ్లీషు. ఆటిజము బయటపడగానే "ఒక్క భాషయే మాటాడుడు" అని సలహా వచ్చును. ఆ ఒక్కటి బడిభాషయే యగుట పరిపాటి. తల్లికి జోలపాట రాని భాషలో బిడ్డను లాలింపవలసివచ్చును, అవ్వ మూగబోవును. ఇంట రెండు భాషలు వినుటవలన ఈ పిల్లల మాట మరింత వెనుకబడలేదని కెనడాలో 2012లో వెలువడిన పరిశీలనయు, తరువాతి మరికొన్ని పరిశీలనలును తెలిపినవి. కనుక భయముచేత ఇంటిభాషను మానుకొన నక్కరలేదు.

మానుకొనకుండుట మాత్రము చాలదు. బడికి దానిని తెలుపవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును తాను పేర్కొన్న 21 వైకల్యములలో చేర్చి, అందరితో కలసి చదువుకొను హక్కును చెప్పినది. తలుపు తెరచుకొన్న తరగతిలోని ఉపాధ్యాయినికి 'బేడ' తెలియును, 'నో' తెలియును, 'వద్దు' తెలియకపోవచ్చును. తెలియనిచో ఆ బిడ్డ 'వద్దు' అన్న ప్రతిసారియు అది ఉత్త ధ్వనిగా లెక్కకు వచ్చును. 'చాలు', 'దా', 'ఇంకా', 'అవ్వ' అనువానికిని అదే గతి. ఇట్టి బిడ్డలున్న మన కుటుంబములవారు ఇంటిమాటలను కాగితముపై వ్రాసి, ప్రక్కన కన్నడమునగాని ఇంగ్లీషునగాని అర్థము చేర్చి, బడిలో నియ్యవలెనని కోరుచున్నాము. ఆరంభమున ఇరువది మాటలకు మించి అవసరముండదు. బిడ్డ వానిని పలుకు తీరునే వ్రాయవలెను, దిద్ది వ్రాయరాదు. మాకు చేరిన అట్టి కాగిత మొకదానిలో "నీళ్లు కావాలా" అను మాట కెదురుగా "నీళ్లిమ్మని అడుగుట" యని కన్నడమున వ్రాసియుండెను.